పోగు తెగితే కేక వేయాలి

జపాన్‌లో ఎన్‌షూ అని ఒక సీమ. ఒకవైపు కొండలు, ఒకవైపు సముద్రం, నడుమ పత్తి చేలు. అక్కడ ఇంటింటా మగ్గం ఆడేది. ఆ సీమలోని ఒక ఊళ్లో ఓ ముసలమ్మ పన్నెండు మగ్గాల సావిడి నడిపేది.

ఆవిడ పెట్టిన కట్టుబాటు ఒక్కటే. పడుగులో పోగు తెగితే నేసే పిల్ల అక్కడికక్కడ కాలు ఆపి, "తెగింది!" అని సావిడంతా వినపడేలా కేక వేయాలి. కేక వేసిన పిల్లను ఎవరూ పల్లెత్తు మాట అనకూడదు. ముసలమ్మే లేచి వచ్చి, తెగిన కొసలు రెండూ వెతికి పట్టుకుని, మెలిపెట్టి ముడి వేసేది. ముడి పడగానే నేత మొదలుపెట్టనిచ్చేది కాదు. పోగు ఎందుకు తెగిందో చూడాలి. అచ్చులో ఎక్కడైనా గరుకు లేచిందా? గంజి తక్కువైందా? గాలికి నూలు పెళుసెక్కిందా? సంగతి తేలాకే నాడె కదలాలి.

దాంతో ఆ సావిడిలో పొద్దస్తమానం కేకలే. వీధిన పోయేవాళ్లు నవ్వుకునేవాళ్లు. పక్క వీధిలో ఇంకో నేతగాడు ఉండేవాడు. "మా ఇంట్లో తెల్లవారి మగ్గం చప్పుడు మొదలైతే దీపాలవేళకే ఆగేది" అని గొప్పలు పోయేవాడు.

షావుకారు వచ్చాడు. ఎక్కువ తానులు ఉన్నది పక్క వీధిలో కాబట్టి బండికి సరిపడా అక్కడే కొన్నాడు. ముసలమ్మ దగ్గర మొహమాటానికి నాలుగు తీసుకున్నాడు. ఊరికి తీసుకెళ్లి నీలిమందు తొట్టిలో ముంచాక అసలు రంగు బయటపడింది. తెల్ల గుడ్డ మీద కంటికి ఆననిది నీలంలో తేలింది. తాను పొడుగునా సన్నటి గీత. తెగిన పోగును అలాగే వదిలేసి నేసుకుంటూ పోయిన చోటు అది. ఒక తానులో కాదు, చాలా తానుల్లో. మరుసటి ఏడు ఆ షావుకారు నేరుగా ముసలమ్మ గుమ్మంలో దిగాడు.

కథ ఇక్కడితో ఆపితే పిల్లలు నిద్రపోవడానికి పనికొస్తుంది. మిగిలింది పెద్దవాళ్ల కోసం.

పేరొచ్చింది. పన్నెండు మగ్గాలు నలభై అయ్యాయి. మనవడు చేతికి అందివచ్చాడు. తెలివైనవాడు, కష్టపడేవాడు. ఏ పిల్ల ఎన్ని తానులు నేసిందో రోజూ రాయడానికి గోడకు పలక తగిలించాడు. నాయనమ్మ కట్టుబాటును తీసేయలేదు సరికదా, అందమైన అక్షరాలతో రాయించి గుమ్మం మీద వేలాడదీశాడు. వచ్చిన వర్తకులకు దాన్ని చూపించి మరీ చదివి వినిపించేవాడు. ఒకరోజు ముసలమ్మ దగ్గరకొచ్చి, "నాయనమ్మా, మన సావిడిలో కేక వినపడి మూడు నెలలైంది. పిల్లలు అంత బాగా నేస్తున్నారు" అన్నాడు.

ముసలమ్మ ఊఁ కొట్టింది. ఆ రాత్రి దీపం పట్టుకుని సావిడిలోకి వెళ్లి, చివరి వరుసలో ఒక మగ్గం ముందు కూర్చుని, పడుగులో ఒక పోగును గోటితో తుంచేసింది.

పొద్దున్నే ఆ మగ్గం మీదికి పిల్ల వచ్చింది. తెగిన పోగును చూసింది. గోడ మీది పలక వైపు చూసింది. నేత మొదలుపెట్టింది. సాయంత్రానికి తాను పూర్తయింది, మనవడు పలక మీద ఒక గీత పెట్టాడు.

ముసలమ్మ ఆ తానును దీపానికి అడ్డంగా పట్టి చూపించింది. మనవడికి మొహం మాడిపోయింది. "రేపట్నించి ఆ పిల్లను రావద్దంటాను" అన్నాడు.

"పిల్లనెందుకురా అంటావు? గుమ్మం మీద నువ్వు రాయించిందీ చదివింది, గోడ మీద నువ్వు రాస్తున్నదీ చదివింది. రెంటిలో ఏది నిజమో దానికి తెలిసింది."

మర్నాడు పలక కిందికి దిగింది. మధ్యాహ్నం లోపే నాలుగు మూలల నుంచి కేకలు లేచాయి.

నీతి: పోగు తెగడం ఎవరి తప్పూ కాదు. తెగిందని చెప్పాలనుకున్నవాడి నోరు నొక్కేసేలా ఇల్లు నడపడం యజమాని తప్పు.

కథ నా కల్పన. సీమ మాత్రం నిజం. 1867లో ఆ ఎన్‌షూలోనే, ఇప్పుడు కొసాయ్ పట్టణంలో కలిసిపోయిన యమగుచి అనే పల్లెలో, ఒక వడ్రంగి ఇంట సకిచి టొయోడా పుట్టాడు. మగ్గాల పిచ్చి పట్టి, 1891లో చెక్క మగ్గానికి పేటెంటు తీసుకున్నాడు. అక్కడికి దగ్గర్లోని హమామత్సులో 1909లో మిచియో సుజుకీ కూడా మగ్గాలు తయారుచేసే పనే మొదలుపెట్టాడు. మన రోడ్ల మీద తిరిగే మారుతీ వెనకా, ఇన్నోవా వెనకా ఉన్నది ఒకే నేత సీమ అన్నమాట.

సకిచి 1924లో పూర్తిచేసిన మగ్గంలో ఒక చిన్న ఏర్పాటు ఉంది. ప్రతి పడుగు పోగుకూ ఒక సన్నని లోహపు రేకు వేలాడుతుంది. పోగు బిగువుగా ఉన్నంతసేపూ రేకు పైనే ఉంటుంది. పోగు తెగిన మరుక్షణం రేకు జారి కింద పడుతుంది, మగ్గం దానంతటదే ఆగిపోతుంది. కేక వేసే పని మనిషి నుంచి యంత్రానికి మారింది. మగ్గం ముందు మనిషి కాపలా కాయనక్కర్లేదు కాబట్టి ఒక్క అమ్మాయే 30 మగ్గాలకు పైగా చూసుకోగలిగింది. 1929లో ఇంగ్లండ్‌కు చెందిన ప్లాట్ బ్రదర్స్ లక్ష పౌండ్లకు ఈ మగ్గం హక్కులు కొనుక్కుంది. మరమగ్గాలకు పుట్టిల్లయిన దేశం జపాన్ మగ్గానికి డబ్బు కట్టింది! మరుసటి ఏడే సకిచి పోయాడు. సకిచి పెట్టిన మగ్గాల కంపెనీలోనే ఆయన కొడుకు కీచిరో 1933లో కార్ల విభాగం పెట్టాడు. 1937 ఆగస్టులో అది విడిగా టయోటా మోటార్ కంపెనీ అయింది.

టయోటా అంటే చెడిపోని బండి అని ఇప్పుడు అందరూ అంటారు గానీ, ఆ ఇంటి తొలి బండ్లు బాగా చెడిపోయిన బండ్లే. 1935లో వచ్చిన జీ1 ట్రక్కులు దారి మధ్యలో మొరాయించేవి. కంపెనీ మనుషులు అక్కడికే వెళ్లి, పైసా తీసుకోకుండా బాగుచేసి, ఏ భాగం ఎందుకు విరిగిందో రాసుకుని వచ్చేవారు. 1957లో టొయోపెట్ క్రౌన్ కారును అమెరికాకు పంపారు. జపాన్ గతుకుల రోడ్లకు కట్టిన బరువైన బండి అది. కాలిఫోర్నియా హైవే ఎక్కితే ఇంజను చాలేది కాదు, వేడెక్కేది, వణికేది. 1960 చివరికల్లా అక్కడికి కార్లు పంపడం ఆపేశారు. పరువు పోతుందని లాగుతూ కూర్చోలేదు. ఆ ఎండలకూ ఆ వేగాలకూ తట్టుకునే కరోనాను తయారుచేసుకుని 1965లో మళ్లీ వెళ్లారు. మరుసటి ఏడాది స్వదేశంలో కరోలా వచ్చింది. ఆ తర్వాతి సంగతి లోకానికి తెలుసు.

ఈ లోపల తైచి ఓనో అనే ఇంజనీరు మగ్గం పద్ధతిని కారు లైను మీదికి తెచ్చాడు. కార్లు బిగించే వరుస పొడుగునా తలపైన తాడు వేలాడుతుంటుంది. బోల్టు సరిగ్గా పట్టలేదనిపించినా, తలుపు సందు ఎక్కువనిపించినా, ఎంత కొత్త కార్మికుడైనా ఆ తాడు లాగవచ్చు. పైన దీపం వెలుగుతుంది, పెద్ద మేస్త్రి వస్తాడు. కారు తన స్థానం దాటేలోపు లోపం సర్దుబాటు కాకపోతే లైను ఆగుతుంది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ వాళ్ల ఫ్యాక్టరీ ఒకటి 1982లో మూతపడింది. లైను ఆపితే ఉద్యోగం పోతుందని కార్మికులు భయపడే చోటు అది. 1984లో టయోటా అదే కంపెనీతో కలిసి, చాలామటుకు ఆ పాత కార్మికులనే తీసుకుని దాన్ని తెరిచింది. వాళ్ల చేతికి తాడు ఇచ్చింది. ఆ చేతులే మంచి కార్లు కట్టాయి. ముసలమ్మ "పిల్లనెందుకురా అంటావు" అన్నది ఇందుకే.

ఇక బండి కొన్నవాళ్ల మాట. మన దగ్గర క్వాలిస్ 2000లో దిగినప్పుడు దాని ముఖం చూసి, పాతకాలపు పెట్టెలా ఉందని పెదవి విరిచినవాళ్లే ఎక్కువ. ఏడాది తిరక్కుండానే ట్రావెల్స్ వాళ్లు దాన్ని వదల్లేని స్థితికి వచ్చారు. బాగా అమ్ముడవుతున్న బండిని 2005లో ఆపేసి ఇన్నోవా తెచ్చారు. తిరుపతి కొండకు యాత్రికులను తిప్పే డ్రైవరును అడగండి, శంషాబాద్ ఎయిర్‌పోర్టు ముందు నిలబడ్డవాడిని అడగండి. "ఆయిలు టైముకు మార్చండి సార్, లక్షల కిలోమీటర్లు తిరుగుతుంది" అనే చెబుతాడు. గల్ఫ్‌లో బండి నడిపి వచ్చిన కరీంనగర్, నిజామాబాద్, కడప మనుషులకు ల్యాండ్ క్రూయిజర్ పేరెత్తితే చాలు, ఇసుకలో దాని బలం గురించి చెప్పడం మొదలుపెడతారు. అమెరికా వెళ్లిన మన పిల్లలు మొదట కొనే సెకండ్‌హ్యాండ్ కారు కరోలానో కామ్రీనో అయ్యుంటుంది. కొన్నాళ్లు తోలి అమ్మేసినా పెద్దగా నష్టపోరు.

తిట్లూ ఉన్నాయి. ఇంత ధర పెట్టి కొంటే లోపల అన్నీ సాదాసీదాగా ఉంటాయంటారు. నెలల తరబడి వెయిటింగ్ అంటారు. ఇటియోస్‌లో స్పీడు మీటరు డ్రైవరు ఎదుట కాకుండా మధ్యలో పెట్టడం చాలామందికి మింగుడుపడలేదు. సుజుకీ వాళ్ల బలెనోనే 2019లో గ్లాంజా పేరుతో అమ్మకానికి పెడితే, ముందు బొమ్మ మార్చి మాకే అమ్ముతున్నారా అని నవ్వారు. నడపడంలో సరదా లేదన్న మాట అన్ని దేశాల్లోనూ వినపడుతుంది. నా మటుకు నాకు ఇవేవీ పెద్ద ఫిర్యాదులుగా కనపడవు. పొద్దున తాళం తిప్పితే కదిలే బండి కావాలనుకున్నవాడు సరదాను వేరేచోట వెతుక్కుంటాడు.

పెద్ద ఫిర్యాదు వేరే ఉంది. అది మనవడి పలకకు సంబంధించింది. 2008లో టయోటా జనరల్ మోటార్స్‌ను దాటి ప్రపంచంలోనే అతిపెద్ద కార్ల కంపెనీ అయింది. 2009 ఆగస్టులో కాలిఫోర్నియాలో ఒక లెక్సస్ అదుపు తప్పి నలుగురు చనిపోయారు. కాలి కింది మ్యాటుకు యాక్సిలరేటర్ పెడల్ ఇరుక్కుపోయింది. ఆ తర్వాత కొన్ని మోడళ్లలో నొక్కిన పెడల్ సరిగా వెనక్కి రావడం లేదని తేలింది. లక్షలాది కార్లను వెనక్కి పిలిచారు. 2010 ఫిబ్రవరిలో సకిచి మునిమనవడు అకియో టొయోడా అమెరికా కాంగ్రెస్ ముందు కూర్చుని, మేం మరీ వేగంగా పెరిగాం, ఏది ముందో ఏది వెనకో తారుమారైంది అనే అర్థంలో ఒప్పుకున్నాడు. భద్రతా లోపాల గురించి జనాన్ని తప్పుదోవ పట్టించినందుకు 2014లో కంపెనీ 120 కోట్ల డాలర్లు కట్టింది. లోపం రావడం ఒక ఎత్తు, దాన్ని తక్కువ చేసి చెప్పడం ఇంకో ఎత్తు. డబ్బు కట్టింది రెండోదానికి.

అంతటితో బుద్ధి వచ్చిందా అంటే, 2023 డిసెంబరులో టయోటాకే చెందిన డైహాట్సు భద్రతా పరీక్షల్లో ఏళ్ల తరబడి అక్రమాలు చేసినట్టు బయటపడి, కార్ల సరఫరా మొత్తం ఆపుకోవాల్సి వచ్చింది. గడువులు బిగించేయడంతో, కుదరదని చెప్పే దారిలేక సిబ్బంది ఆ పని చేశారని విచారణ జరిపిన బయటి కమిటీ తేల్చింది. నెలన్నర తిరక్కుండా ఇంకో సంగతి. డీజిల్ ఇంజన్ల శక్తిని కొలిచే పరీక్షలో, అమ్మే బండిలో ఉండే సాఫ్ట్‌వేర్ కాకుండా వేరేది పెట్టి లెక్కలు నునుపుగా వచ్చేలా చేశారని తేలింది. ఇది చేసిన కంపెనీ పేరు టయోటా ఇండస్ట్రీస్. 1926లో ఆగే మగ్గాలను అమ్మడానికి సకిచి పెట్టిన కంపెనీ అదే! మన దేశంలో కూడా ఆ ఇంజన్లున్న ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్, హైలక్స్ బండ్లను కొద్ది రోజులపాటు షోరూములకు పంపడం ఆపారు. అడ్వాన్సు కట్టి ఎదురుచూస్తున్నవాళ్లు విసుక్కున్నారు, విసుక్కోరా మరి. కానీ ఈ మొత్తం వ్యవహారంలో కంపెనీ చేసిన మంచి పని ఏదైనా ఉంటే, తేలాక ఆపడమే.

రీకాల్ అనగానే మన దగ్గర "ఆ బండి డబ్బా" అని తీర్పు చెప్పేస్తాం. ఏ రీకాలూ లేని కంపెనీ గొప్పదనుకుంటాం. ముసలమ్మ మనవడూ మూడు నెలలు అలాగే అనుకున్నాడు. నేనైతే బండి కొనేముందు ఆ కంపెనీ ఎన్నిసార్లు వెనక్కి పిలిచిందని భయపడను. ఎంత త్వరగా పిలిచింది, ఎవరో పట్టుకుంటే పిలిచిందా, తానే కనిపెట్టి పిలిచిందా అని అడుగుతాను.

టయోటాయే అని కాదు, మీది ఏ కంపెనీ బండి అయినా సరే, ఫలానా భాగం మార్చాలి రండి అని ఫోనో ఉత్తరమో వస్తే పక్కన పడేయకండి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లకు ఆ కబురు పాత యజమాని నంబరుకే వెళ్లిపోతుంటుంది. కాబట్టి మీరే ఛాసిస్ నంబరు చెప్పి డీలరును అడిగి తెలుసుకోండి. రీకాల్ కింద చేసే ఆ మరమ్మతుకు మీరు డబ్బు ఇవ్వనక్కర్లేదు.