నీడలో కొలిచిన ఎండ

2025 మే నెల చివరి వారం. అనంతపురం జిల్లాలో ఒక మెట్ట గ్రామం. రోహిణీ కార్తె ప్రవేశించి నాలుగు రోజులైంది. రోహిణిలో రోళ్లు పగులుతాయన్న సామెత ఆ సీమలో పసిపిల్లలకు కూడా తెలుసు. కాని ఆ సాయంకాలం ఆకాశం మబ్బు పట్టి, వేపచెట్టు కింద రచ్చబండ మీద చల్లని గాలి వీస్తున్నది. ఖరీఫ్ సన్నాహాల సమావేశానికి వెళ్ళిన నేను, విధిలో భాగంగా, భూతాపాన్ని గురించి నాలుగు మాటలు చెప్పాను.

ఒక వృద్ధ రైతు నవ్వాడు. "ఈ తూరి రోహిణిలో రాత్రిపూట దుప్పటి కప్పుకొని పండుకుంటిమి. లోకమంతా కాలిపోతాందంటారేంది సార్?"

పక్కనున్న యువకుడు ఊరుకోలేదు. "ఒక్క ఏడు చూసి చెప్పొద్దు మామా. పోయినేడు ఎండకు నా చీనీచెట్లు మాడిపాయె, మర్చిపోతివా?"

"చెట్లు మాడింది బోరు ఎండి. సూర్యుడిని అంటావేమి?"

వాదం గంటసేపు సాగింది. ఇద్దరూ తమ కంటితో చూసినదే చెబుతున్నారు, ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడడం లేదు. ఆ మే నెల మన దేశంలో 1901 తరువాత అత్యధిక వర్షపాతం నమోదైన మే. భూగోళం మొత్తం మీద లెక్కించినప్పుడు అదే నెల అప్పటివరకు నమోదైన మే నెలల్లో రెండవ అత్యంత ఉష్ణమైనది. కనుక ముసలాయన దుప్పటీ సత్యమే, ప్రపంచపు జ్వరమూ సత్యమే. నన్ను వేధించిన ప్రశ్న ఈ రెండింటిలో ఏది నిజమన్నది కాదు. తన శరీరం ఎరుగని ఒక సత్యాన్ని నమ్మవలసిందిగా ఒక మనిషిని కోరే అర్హత మనకు ఎక్కడినుంచి వస్తున్నది?

మన నైయాయికులు జ్ఞానసాధనాలను నాలుగుగా చెప్పారు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. రైతుకు తన చేను ప్రత్యక్షం. ప్రపంచ సగటు ఉష్ణోగ్రత మాత్రం ఎవరికీ ప్రత్యక్షం కాదు, దానిని లెక్కగట్టే శాస్త్రజ్ఞునికి కూడా కాదు. వేలాది కేంద్రాల నుంచి, నౌకల నుంచి, ఉపగ్రహాల నుంచి వచ్చిన అంకెలపై ఆయన చేసే అనుమానం అది. అదే మన కరపత్రం ద్వారా పల్లెకు చేరేసరికి శబ్దప్రమాణమవుతున్నది. శబ్దం ప్రమాణం కావాలంటే చెప్పేవాడు ఆప్తుడు కావాలి. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్టు చెప్పగోరేవాడే ఆప్తుడన్నాడు వాత్స్యాయనుడు. ఋషికైనా, ఆర్యునికైనా, మ్లేచ్ఛునికైనా ఆ లక్షణం ఒక్కటేనని కూడా అన్నాడు. ప్రభుత్వోద్యోగిని ఆయన ప్రత్యేకంగా పేర్కొనలేదు గాని, మినహాయింపూ ఇవ్వలేదు.

వానను కొలవడం ఈ దేశంలో రాజ్యానికి కొత్త పని కాదు. అర్థశాస్త్రంలోని సీతాధ్యక్షుడు వర్షమానంతో ప్రాంతాలవారీగా వాన లెక్క ఎరిగి ఉండాలి. జాంగల భూములకు పదహారు ద్రోణాలు, అవంతికి ఇరవై మూడు, మన గోదావరీ తీరపు అశ్మకానికి జాంగలం కంటే తక్కువ. చరిత్ర విద్యార్థిగా నన్ను ఆకట్టుకున్నది ఆ అంకెల కంటె వాటి విభజన. దేశమంతటికీ ఒకే సగటు చెప్పి అతడు తృప్తి పడలేదు. ఆ అంకెను బట్టి ఎక్కడ ఏ విత్తనం చల్లాలో నిర్ణయించాడు. పన్ను కోసమే అయి ఉండవచ్చు, అయినా కొలత చేనుకు దగ్గరగా ఉండేది.

1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడిన తరువాత కొలతకు ఏకరూపత వచ్చింది. ఉష్ణమాపకాన్ని తెల్లరంగు వేసిన, గాలి ఆడే చెక్కపెట్టెలో, సుమారు మనిషి ఛాతీ ఎత్తున ఉంచుతారు. స్టీవెన్సన్ పెట్టె అని దానికి పేరు. దానిని రూపొందించిన ఇంజనీరు థామస్ స్టీవెన్సన్ ‘ట్రెజర్ ఐలండ్’ నవలాకారుని తండ్రి. ఈ సంగతి రచ్చబండ మీద వివరిస్తూ ఉంటే, ఒక మూలన కూర్చున్న కూలీ స్త్రీ అడ్డుపడింది. "అంటే మీరు కొలిచేది నీడలో ఎండనా సార్? కలుపు తీసే మా వీపుల మీది ఎండను ఎవరు కొలుస్తారు?"

సమాధానం శాస్త్రీయంగా సులభమే. ఒక చోటి కొలతను మరొక చోటి కొలతతో, నేటిని నూరేళ్ల నాటితో పోల్చాలంటే ఎండపొడ తగలని ఒకే విధమైన ఏర్పాటు కావాలి. ఆ నీడ లేకపోతే మనకు భూతాపమన్న జ్ఞానమే లేదు. అయినా ఆమె ప్రశ్న తప్పు కాదు. పోల్చడానికి పనికివచ్చే కొలత బాధను కొలవడానికి చాలదు.

స్థానికమూ సార్వత్రికమూ విడిపోయే చోటు మరొకటి ఉత్తరాదిలో ఉన్నది. 1901 నుంచి 2018 వరకు మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని 2020లో భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ వెలువరించిన నివేదిక చెబుతున్నది. హరితగృహ వాయువుల వల్ల కలిగిన వేడిని గాలిలోని పొగ, ధూళి కణాలు, భూవినియోగంలో వచ్చిన మార్పులు కొంత కప్పిపుచ్చాయి. గంగా మైదానంలో విస్తారమైన సేద్యపునీరు ఆవిరై వేసవి పగళ్లను చల్లబరచింది. అక్కడి రైతు తన తండ్రి కాలం కంటె ఎండ పెరగలేదంటే దానిని అజ్ఞానమని కొట్టివేయరాదు. అతడు చూసిన చల్లదనం నిజమైనదే. కాని ఆ చల్లదనం గొట్టపుబావి తోడిన నీటి నుంచి, ఊపిరితిత్తులను తినే పొగ నుంచి వచ్చింది. నీరు అడుగంటినా, గాలి శుభ్రపడినా దాగిన వేడి బయటపడుతుంది. ఇది అతనికి చెప్పడం మన ధర్మం. చెప్పే ముందు అతని మాట నిజమని ఒప్పుకోవడం కూడా మన ధర్మమే.

ఇక్కడ ఒక నేరాంగీకారం. 2007 ఖరీఫ్ నుంచి మన దేశంలో వాతావరణ ఆధారిత పంటల బీమా ప్రయోగాత్మకంగా మొదలైంది. పంటను కోసి చూడనక్కర లేదు, నిర్దేశిత కేంద్రంలో నమోదైన వానే నష్టాన్ని నిర్ణయిస్తుంది. త్వరగా తేలే పద్ధతి, దుర్వినియోగానికి తావు తక్కువ, నేనూ సమర్థించాను. కొన్నేళ్ల తరువాత ఒక మండలంలో పనిచేస్తుండగా ఒక రైతు ఎండిన వేరుశనగ మొక్కను వేళ్లతో సహా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. కేంద్రంలో వాన పడింది, అతని చేలో పడలేదు. ‘కేంద్రంలో నమోదైంది కనుక నేను చేయగలిగింది లేదు’ అన్నాను. నిబంధన ప్రకారం అది సరైన జవాబు. అతను ఆ మొక్కను అక్కడే వదిలి వెళ్ళిపోయాడు.

ఆనాడు అంకె చెప్పింది కాబట్టి నీ చేను అబద్ధమన్నాను. ఈనాడు ఆ రైతు వంటివాడే మరొకరి ఎదుట నిలబడి, అంకె చెబుతున్నది కాబట్టి లోకం వేడెక్కుతున్నదని నమ్మమంటున్నాను. అతను నమ్మకపోతే లోపం అతని విజ్ఞానంలో ఉన్నదా, నా ఆప్తత్వంలో ఉన్నదా? రెండవదే అని నా అభిప్రాయం. భూతాపాన్ని గురించిన సందేహాలను శాస్త్రప్రచారంతో తీర్చవచ్చుననుకొనే మిత్రులు ఈ లెక్కను మరచిపోతున్నారు. చదువుకున్న నగరవాసి ఈ అంకెను సులభంగా నమ్ముతాడు, ఎందుకంటే సగటు వల్ల అతనికి ఎన్నడూ నష్టం కలగలేదు.

ప్రపంచ సగటు కూడా ఈ విషయంలో నిర్దోషి కాదు. వేడిని అందరి పేరా సమానంగా చూపే ఆ అంకెలో, దానిని ఎవరు ఎంత కలిగించారన్నది కనిపించదు. మెట్ట రైతు వాటా అందులో అత్యల్పం. దేశాల మధ్య మనం ఈ న్యాయాన్ని గట్టిగా అడుగుతాము. జిల్లాలోపల అడిగేవారికి మన వద్ద దరఖాస్తు ఫారం కూడా లేదు.

చీకటి పడింది. మొదట నవ్విన పెద్దాయన నన్ను జీపు వరకు సాగనంపుతూ అడిగాడు. "ఆ పెట్టె మా ఊరికి ఎంత దూరం సార్?"

మండల కేంద్రంలో ఉన్నది, పద్నాలుగు కిలోమీటర్లన్నాను.

"ఆ పద్నాలుగు కిలోమీటర్లలో వంకలెన్నో తెలుసునా? ఒక్కో వంకకు ఒక్కో వాన."

తెలియదన్నాను. ఆయన జీపు తలుపు పట్టుకొని, వేళ్లు మడుస్తూ, ఒక్కొక్క వంక పేరూ చెప్పసాగాడు. నేను డైరీ తీసి రాసుకున్నాను.