సంతానము – దాంపత్య సౌఖ్యము

గృహస్థాశ్రమము తక్కిన మూడు ఆశ్రమములకును ఆధారము. అట్టి ఆశ్రమమున ప్రవేశించిన దంపతులు బిడ్డలను కోరుట సహజము. వివాహమంత్రములయందే సంతానప్రార్థన కలదు. తాళ్ళపాక నారాయణసూరి, లక్కమాంబ దంపతులు శ్రీవేంకటేశ్వరుని వేడి అన్నమాచార్యులవారిని బిడ్డగా పొందిరి. కావున ఆ కోరికలో దోషము లేదు. అయితే అది ఫలింపని దంపతులకు సుఖమే లేదా? వారి గృహస్థధర్మము వ్యర్థమా?

సప్తపదిలో ఏడవ అడుగు ముగిసినంతనే వరుడు వధువును సఖిగా సంబోధించును. ఆమె అప్పటికింకను తల్లి కాలేదు. అయినను వివాహము సిద్ధించినది. దాంపత్యమునకు పునాది ఈ సఖ్యమే. సంతానము ఆ పునాదిపై లేచిన ఇంటికి శోభ కూర్చునేగాని, తానే పునాది కాజాలదు.

పద్మపురాణమునందలి భాగవత మాహాత్మ్యములో ఆత్మదేవుని కథ కలదు. తుంగభద్రాతీరవాసియైన ఆ విప్రునకు విద్యయు ధనమును ఉండెను, బిడ్డలు లేరు. ఆ దుఃఖముతో ప్రాణత్యాగమునకు సిద్ధపడి అడవికి పోగా, ఒక యతి ఎంతయో వారించి, తుదకు అతని పట్టుదలకు లోబడి ఒక ఫలమిచ్చెను. భార్యయైన ధుంధులి దానిని తినక గోవునకు పెట్టి, చెల్లెలి బిడ్డను తన బిడ్డగా చూపెను. అతడే ధుంధుకారి. పెరిగి ధనమును పాడుచేసి, తల్లిదండ్రులను కొట్టెను. గోవునకు పుట్టిన గోకర్ణుడు తండ్రికి జ్ఞానము బోధించి తరింపజేసెను. ఈ ఇరువురిలో ఎవ్వరును ఆత్మదేవుని రక్తము పంచుకొని పుట్టినవారు కారు. ఒకడు దుఃఖమును, ఒకడు మోక్షమార్గమును చూపిరి. బిడ్డ కలిగినంతమాత్రమున సుఖము చేకూరదనియు, తరింపజేయు పుత్రత్వము రక్తసంబంధముతో ముడిపడినది కాదనియు ఈ కథ తెలుపుచున్నది.

తిరుమంగై ఆళ్వారు, కుముదవల్లీ దేవి దంపతులను స్మరింపుడు. దినమునకు 1008 మంది శ్రీవైష్ణవులకు ఏడాదిపాటు అన్నము పెట్టవలెనన్నది ఆమె వివాహమునకు ముందు పెట్టిన నియమము. గురుపరంపరా గ్రంథములు ఆ దంపతులను కీర్తించునది ఈ కైంకర్యమును బట్టియే. ఆ కుముదవల్లియు ఒక వైద్యునకు దొరకి ఆయన ఇంట పెరిగిన బిడ్డయే. శ్రీవిల్లిపుత్తూరులో పెరియాళ్వారు తులసివనమున లభించిన ఆండాళ్‌ను పెంచి రంగనాథునకు మామగారైరి. నేడు 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టము కుమార్తెను సైతము దత్తత తీసికొనుటకు అవకాశమిచ్చుచున్నది. ఆండాళ్‌ను కొలుచు మనము ఆ మార్గమును తక్కువగా చూడరాదు.

ఇక బంధువులును పొరుగువారును గమనింపవలసినది ఒకటి కలదు. బిడ్డలు లేని ఇల్లాలిని గొడ్రాలని నిందించుట, సీమంతమునకో పేరంటమునకో పిలువకుండుట అనేక గృహములలో చూచుచున్నాము. సంతానము కలుగకుండుటకు కారణము భార్యయందో, భర్తయందో, ఇరువురియందో ఉండవచ్చునని వైద్యశాస్త్రము చెప్పుచుండగా నింద ఆమె ఒక్కతెపై మోపుట అన్యాయము. ఆమె హృదయమునందును అంతర్యామియైన శ్రీమన్నారాయణుడే ఉన్నాడు. ఆ మనస్సును నొప్పించి చేసిన నోములు ఫలింపవు. ముందుగా ఆమె పక్షమున నిలువవలసినవాడు సప్తపదిలో ఆమెను సఖిగా స్వీకరించిన భర్తయే.

బిడ్డలు కలవారు వారిని భగవంతుడు అప్పగించిన నిధిగా పెంచుదురు గాక! లేనివారు ఒకరికొకరు తోడై, అతిథులను ఆదరించుచు భగవత్సేవలో తృప్తి పొందుదురు గాక! ఉభయులను అలమేలుమంగాసమేతుడైన శ్రీనివాసుడు సమముగనే కటాక్షించును.