క్రియను దాచు నామము

తెలుగు వాక్యమునకు ప్రాణము క్రియ. కర్తను పలుకకపోయినను క్రియయే వానిని పట్టియిచ్చును: "వచ్చితిని" అన్నచో వచ్చినవాడను నేను, "వచ్చిరి" అన్నచో వారు. ఇట్టి భాషలో క్రియను నామముగా మార్చి దాని ప్రక్కను "జరిగినది" అను పొడిమాట నిలిపినచో, చేసినవాడు వాక్యమునుండి తప్పించుకొని పోవును. ఇది వ్యాకరణ విషయము మాత్రమే గాక ధర్మాధర్మ విషయమని కూడ మేము తలంచుచున్నాము.

2010 జూలై 14వ తేదీని సోంపేటలోను, 2011 ఫిబ్రవరి 28వ తేదీని టెక్కలి ప్రాంతమందలి కాకరాపల్లిలోను థర్మల్ విద్యుత్కేంద్రములు వలదన్న జనులపై పోలీసులు తుపాకులు కాల్చిరి, మనుష్యులు చనిపోయిరి. దీనినే "కాల్పులు జరిగినవి, ప్రాణనష్టము సంభవించినది" అని వ్రాయవచ్చును. అందులో ఒక్క యక్షరమైనను అబద్ధము లేదు. కాని ఎవరు కాల్చిరి, ఎవరి యాజ్ఞచే కాల్చిరి అను ప్రశ్నలకు అందు చోటును లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస ప్రాంతమున జీడితోటలను, కొబ్బరిచెట్లను కూల్చినప్పుడు "నష్టము సంభవించినది" అనుట తగును. గాలిని విచారించువారు లేరు. తుపాకి మీటపై మాత్రము ఒకని వ్రేలుండును. అట్లు వ్రాసిన గుమాస్తా దుర్మార్గుడని మేమనము. పైవారి పేరు వ్రాయ జంకినవానికి నామపదము మంచి గొడుగు.

నామములన్నియు చెడ్డవి కావు. కోతకూలి, మోతకూలి అన్నచో కోసిన చేయియు, మోసిన భుజమును కనబడుచునే యుండును.

విశేషణమును నామముగా మార్చుటయు నిట్టిదే. "ఈ నీరు త్రాగుటకు మంచిది కాదు" అని యిల్లాలు చెప్పినదానిని "నాణ్యతాలోపము" అన్నచో నీరు పోయి లోపము మిగులును. త్రాగువారు అసలే యుండరు. ఉద్దానమందలి మూత్రపిండవ్యాధికి ఇన్ని పరిశోధనల పిమ్మటను మూలకారణము నిశ్చయముగా తేలలేదు. అచ్చట "కారణము తెలియదు" అనుట దాచుట కాదు. తెలియని దోషిని కల్పించుటయే అసత్యమగును. కాని "కారణనిర్ధారణ జరుగవలసియున్నది" అని ఊరకున్నచో, ఎవరు, దేనిని, ఎప్పటిలోగా పరీక్షింతురను ప్రశ్న నిద్రపోవును.

ఈ సీమకు చేరువనున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై యుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) వాడుకభాషకై పోరాడిరి. నేడు సర్కారు కాగితములును వాడుకభాషలోనే వచ్చుచున్నవి. "చేయబడును" పోయి "చేయడం జరుగుతుంది" వచ్చినది గాని, చేయువాడు మాత్రము రాలేదు. (గ్రంథికపు నడక విడువని మేము ఈ మాట యనుట కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును.)

మన యిండ్లలో అర్జీలు వ్రాయునది ఇప్పుడు పిల్లలే. వారిచేత "మా వీధిలో నీటి సరఫరా లోపించుట గూర్చి" అని గాక, "మా వీధి కొళాయికి మూడు దినములుగా నీరు వదలలేదు. వదలవలసినవారెవరు? ఎప్పుడు వదలుదురు?" అని వ్రాయింపుడు.