బండిలో ఎవరికి చోటు?

పోయిన ఆదివారం మా మేనల్లుడు రెండు బండ్ల బొమ్మల పుస్తకాలు తెచ్చి నా ముందు పెట్టి, "మామా, ఏది కొనమంటావు?" అని అడిగాడు.

వాడు తళి దగ్గర ప్లాస్టిక్ పందిళ్ళ కింద రోజాపూలు పండిస్తాడు. బెంగుళూరు పెరిగి పెరిగి హోసూరు దాటి మా దాకా వచ్చింది కనుక, రోడ్డుపక్కన ఉన్న రెండెకరాలు అమ్మితే మా నాయన కాలంలో ఊరంతా అమ్మినా రానంత డబ్బు వచ్చింది. మిగిలిన పొలం అడవి అంచున ఉంది. అక్కడికి పోయే దారిలో చివరి మూడు కిలోమీటర్లు మట్టి. మధ్యలో ఒక వంక. వాన పడితే మామూలు కారు కదలదు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి ఉండాల్సిందే. ఇంతవరకు మా ఇద్దరికీ పేచీ లేదు.

పేచీ అంతా ఆ రెండు పుస్తకాల దగ్గరే. ఒకదానిలోని బండి వెల పదిహేను లక్షలకు కాస్త అటూ ఇటూ. మొరటుగా, పెట్టెలాగా ఉంది. రెండోది కోటి దాటింది. లోపల తోలు సీట్లు, వేలు తగిలితే పలికే అద్దాలు, రాళ్ళ మీద పోతున్నా ఒళ్ళు కదలనివ్వని గాలి స్ప్రింగులు. "నీకెందుకురా రెండోది?" అన్నాను, పెద్దవాళ్ళు అనే మాటే కదా. వాడు నవ్వలేదు. "జీవితమంతా ఆ జీపులో తిరిగి నువ్వు నడుం పోగొట్టుకున్నావు మామా. నేనూ పోగొట్టుకోవాలా? మంచి వస్తువు అనుభవించే రాత పట్నంవాళ్ళకేనా? మట్టిలో బతికేవాడు మొరటు వస్తువుతోనే బతకాలా?" అన్నాడు.

నాకు జవాబు తోచలేదు. ఆలోచించి చెబుతానని పంపించాను. ఆ ఆలోచనే ఇది.

మొదట, ఈ బండ్ల పుట్టుక సంగతి చూద్దాం. 1940లో అమెరికా సైన్యం తేలికైన, ఎక్కడికైనా పోగల చిన్న బండి ఒకటి కావాలని కంపెనీలను అడిగింది. అలా వచ్చిందే జీపు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి అవి ఆరు లక్షలకు పైగా తయారయ్యాయి. యుద్ధం అయిపోయాక అదే జీపు రైతు దగ్గరికి వచ్చింది. మన దేశంలో మహీంద్రా వాళ్ళు 1947లో విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టారు. ఇంగ్లండులో 1948లో ల్యాండ్ రోవర్ వచ్చింది. యుద్ధం తర్వాత ఉక్కు దొరకక దాని ఒంటికి అల్యూమినియం రేకు వేశారు. దాన్ని ఉద్దేశించింది పొలం పనికే. ఇంజను బలంతో ఇతర యంత్రాలు తిప్పుకొనే ఏర్పాటు కూడా దానికి ఉండేది.

నాకు వింతగా తోచే సంగతి ఆ తర్వాతిది. 1970లో అదే కంపెనీ రేంజ్ రోవర్ తెచ్చింది. ఈనాడు ఆ పేరు చెబితే కోట్ల రూపాయలు, సినిమా తారలు గుర్తుకొస్తారు. కాని మొదటి రేంజ్ రోవర్‌లో తోలు లేదు. రెక్సిన్ లాంటి సీట్లు, రబ్బరు పరుపులు. బురదకాళ్ళతో ఎక్కిదిగి, సాయంత్రం గొట్టంతో నీళ్ళు కొట్టి కడుక్కోవడానికి వీలుగా చేశారు. ఏళ్ళు గడిచే కొద్దీ తివాచీలు వచ్చాయి, తోలు వచ్చింది, మెరిసే చెక్క వచ్చింది. 2008లో ఆ కంపెనీని మన టాటాలే కొన్నారు. అంటే ఇప్పటి భోగపు బండి తాత ఒక రైతు బండి. మనవడు తాతను మరిచిపోయాడు, అంతే. మా ప్రాంతంలో భూములమ్మిన కుటుంబాల కథా ఇదే కదా అనిపించింది. అందుకే మేనల్లుణ్ణి ఆడిపోసుకోవడానికి నోరు రాలేదు.

ఇక పని సంగతి. బురదలో బండిని లాగేది వెల కాదు. మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. అందుకు ఇరుసు మధ్య పళ్ళచక్రాల పెట్టె ఒకటి ఉంటుంది. దాన్ని డిఫరెన్షియల్ అంటారు. దాని గుణమే దాని దోషం. ఒక చక్రం బురదలో జారితే రెండోదాన్ని వదిలేసి బలమంతా జారే చక్రానికే పోతుంది. అది తిరుగుతూనే ఉంటుంది, బండి కదలదు. దీనికి విరుగుడుగా కొన్ని బండ్లలో డిఫరెన్షియల్‌ను బిగించేసే తాళం ఉంటుంది. ఇప్పటి ఖరీదైన బండ్లలో కంప్యూటరే జారే చక్రాన్ని పట్టి ఆపి, బలాన్ని నిలిచిన చక్రానికి పంపిస్తుంది. ఇవి కాక చిన్న గేరు పెట్టె ఒకటి. అది వేస్తే బండి మనిషి నడకన పోతుంది, బలం మాత్రం ఎన్నో రెట్లవుతుంది. నేల నుంచి ఎత్తు, టైరు పట్టు, తక్కువ బరువు కూడా ఉంటే పని జరుగుతుంది. 1985లో వచ్చిన మారుతి జిప్సీ బరువు సుమారు ఒక టన్ను. పెద్ద భోగపు బండ్లు రెండున్నర టన్నుల దాకా తూగుతాయి. మెత్తని నేలలో ఆ బరువే శత్రువు.

మరి ఖరీదైనది పనికిరానిదా? అలా అనడం అన్యాయం. అది కూడా వంక దాటుతుంది, చాలాసార్లు మొరటు బండి కంటే సుఖంగానే దాటుతుంది. పైగా ప్రాణరక్షణ సంగతి ఉంది. నా పాత జీపులో సీటు బెల్టు లేదు, గాలిసంచి లేదు. పక్కకు ఒరిగితే మనిషిని కాచే కప్పు లేదు, గుడ్డ పైకప్పు ఒకటే. దానిలో పది పన్నెండు మందిని కుక్కుకొని ఘాటు దిగిన రోజులు తలచుకొంటే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. నాలుగు చక్రాలూ లాగుతున్నాయి కదా అని ధీమా పడేవాళ్ళను చూశాను. ఆ బలం కదలడానికే, ఆగడానికి కాదు. బ్రేకు వేస్తే ఏ బండికైనా నాలుగు చక్రాలే, ఒకటే నేల. కనుక ప్రాణాలు కాచే ఏర్పాట్లకు డబ్బు పెట్టడాన్ని భోగం అనను. నడుం నొప్పి లేకుండా చూసుకోవడాన్నీ తప్పు అనను. కష్టపడటం ఒక్కటే పుణ్యమైతే మా ఎద్దులన్నీ స్వర్గంలో ఉండాలి.

అలాగే మొరటు బండి కొన్నవాడల్లా నిరాడంబరుడు కాడు. ఆదివారాలు బెంగుళూరు నుంచి మా కొండదారులకు వచ్చే కుర్రవాళ్ళను చూస్తుంటాను. మొరటు బండికి లేనిపోని టైర్లు, ముందు ఇనుప కొమ్ములు, పైన అరడజను దీపాలు. ఆ బండి ఎన్నడూ ఒక ఎరువు బస్తా మోసి ఉండదు. అదీ ఆడంబరమే, బురద రంగు పూసుకున్న ఆడంబరం. సాదాతనాన్ని చూపించుకోవాలని మొదలుపెడితే అది సాదాతనం కాకుండా పోతుంది.

అయితే తేడా ఎక్కడుంది? వెలలో లేదు, తోలులో లేదు. నాకు తోచినంతలో తేడా ఒక్క ప్రశ్నలో ఉంది. ఈ బండిలో ఎవరిని ఎక్కించుకుంటాం?

పల్లెలో బండి ఒక్కరిది కాదు. కాగితాల మీద పేరు ఒకరిదే అయినా, అవసరం వచ్చిన రాత్రి అది ఊరందరిదీ. పాము కరిచినవాణ్ణి, అడవి నుంచి రాగి చేలమీద పడిన ఏనుగు తొక్కినవాణ్ణి, నొప్పులు పడే ఆడమనిషిని అదే మోయాలి. తమిళనాడులో 2008 నుంచి 108 బండి వస్తోంది. ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, కాదనను. కాని అది తారు రోడ్డు దాకా వస్తుంది. ఆ చివరి మూడు కిలోమీటర్లు ఎవరిదో ఒకరి బండి పోవాల్సిందే. ఎక్కేవాడి ఒంటిమీద బురద ఉంటుంది, నెత్తురు ఉంటుంది, వాంతి ఉంటుంది. అప్పుడు బండి యజమాని కళ్ళు మనిషిమీద నిలుస్తాయా, సీటుమీద నిలుస్తాయా?

ఈ మాట తేలికగా అనడం లేదు. నా కథ చెబుతాను.

1988లో నేను పాత జీపు ఒకటి కొన్నాను. ఐదేళ్ళు దానిలో ఎరువులు, కూరగాయలు, మేకలు, మనుషులు అందరినీ మోశాను. 1993లో మా అమ్మాయి పెళ్ళి కుదిరింది. పెళ్ళివారిని ఆ జీపులోనే దించుకురావాలని హోసూరులో రంగు వేయించి, సీట్లకు కొత్తగా మెరూన్ రెక్సిన్ కుట్టించాను. పెళ్ళి ఇంకా నాలుగు రోజులుందనగా, కార్తీక మాసపు వానలో, రాత్రి పదకొండు గంటలప్పుడు కొండ మీది పల్లె నుంచి ఒకతను వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. భార్యకు పొద్దుటినుంచి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చెప్పిందట. అతను మాట్లాడింది కన్నడం, నేను బదులిచ్చింది తెలుగు. మా వైపు అది కొత్త కాదు, ఇద్దరికీ అర్థమైంది.

పోనని అనలేదు. తాళం చేతిలోకి తీసుకున్నాను. కాని బండి దగ్గరికి పోకుండా పశువుల కొట్టంలోకి పోయి, లాంతరు పట్టుకొని గోనెపట్టాలు వెతికాను. నాలుగు దొరికాయి. వాటిని సీట్లమీద పరిచి, అంచులు లోపలికి దోపి, అప్పుడు బయలుదేరాను. ఎంతసేపు పట్టిందో గడియారం చూడలేదు. మా ఆవిడ గడపలో నిలబడి చూస్తోంది. ఒక్క మాట అనలేదు.

వాళ్ళు ఆమెను డోలీలో వంక దాకా దించుకొచ్చారు. జీపు వెనక తలుపు తీశాను. లాంతరు వెలుగులో ఆమె ఆ కొత్త సీట్లను, పైన పరిచిన గోనెపట్టాలను చూసింది. తరువాత ఒక పట్టా తీసి కింద ఇనుప రేకు మీద వేసుకొని, దానిమీద పడుకుంది. ఆ నొప్పుల్లో నా మనసు చదివింది. "పైన పడుకో అమ్మా" అని నేను అనాలి. అనలేదు. చిన్న గేరులో, రాయి రాయికీ ఎగురుతూ, ఇనుప రేకు మీద ఆమెను ఆస్పత్రికి చేర్చాను.

తల్లీ బిడ్డా బతికారు. ఆ భర్త నాకు దండం పెట్టాడు. నలుగురూ నన్ను మెచ్చుకున్నారు. పెళ్ళికి సీట్లు మెరుస్తూ ఉన్నాయి. ఈ ముప్పై ఏళ్ళలో ఎవరూ నన్ను తప్పు పట్టలేదు. మా ఆవిడ మాత్రం ఆ గోనెపట్టాలు మళ్ళీ కొట్టంలో పెట్టలేదు. ఏం చేసిందని నేను అడగలేదు.

అప్పుడు నా బండి కోటి రూపాయలది కాదు. మూడో చేయి మారిన జీపు. దానికి అతికించిన నాలుగు గజాల కొత్త రెక్సిన్ చాలింది, నన్ను అంత చిన్నవాణ్ణి చేయడానికి. కనుక తప్పు వస్తువుది అనలేను. ఆ రాత్రి అదే సీటుమీద ఆమెను పడుకోబెట్టే మనుషులు మా ఊళ్ళోనే ఉన్నారు. కోటి రూపాయల బండిలోనూ నెత్తురోడే పరాయి మనిషిని ఎక్కించుకునే మహానుభావుడు ఉండవచ్చు. ఉంటే వాడికి ఏ బండైనా సరే.

కాని నేను అటువంటివాణ్ణి కాదని నాకు తెలిసింది. మనలో చాలామందిమి కాము. మనకు మంచితనం ఉంది, కాని కొంచెమే ఉంది. దానికీ చేతికీ మధ్య వస్తువు అడ్డుపడితే దాటి రాలేనంత కొంచెం. కనుక తన బలహీనత తెలిసినవాడు, తన మంచితనానికి దారి సులువు చేసే వస్తువును ఎంచుకోవాలి. గీత పడితే గుండె చివుక్కుమనేది కాకుండా, గీత పడితే నవ్వుకోగలిగేది. కడిగితే పోయేది. ఎరువడిగితే క్షణం ఆలోచించకుండా తాళం ఇచ్చేయగలిగేది. ఎవరికెంత వెల దాకా అది సాధ్యమో వాళ్ళకే తెలుస్తుంది. ఒకరికి పదిహేను లక్షలు, ఒకరికి కోటి. నాకైతే నాలుగు గజాల రెక్సిన్ కూడా ఎక్కువైంది.

సుఖపడే హక్కు మా వాడికి ఉంది. వాడి ప్రశ్నకు నా జవాబు, "వద్దు" అని కాదు. "ఆ తోలు సీటుమీద, వానలో, అర్ధరాత్రి, పేరు తెలియని మనిషిని పైనే పడుకోబెట్టి తీసుకుపోగలవా? పోగలనంటే కొను. అనుమానంగా ఉంటే ఆ రెండోదే, కడుక్కోవడానికి వీలైనదే కొను. మిగిలిన డబ్బుతో గాలిసంచులూ మంచి బ్రేకులూ ఉన్నాయో లేవో చూసుకో, నీ నడుముకు ఒక దిండు కొనుక్కో" అని.

వచ్చే ఆదివారం వాడు మళ్ళీ వస్తానన్నాడు. ఈ గోనెపట్టాల కథ వాడికి తెలియదు. వాడి దృష్టిలో మామ ఆ రాత్రి వానలో వంక దాటి రెండు ప్రాణాలు కాపాడినవాడు. ఊళ్ళో అలాగే చెప్పుకుంటారు, నేనూ ఇన్నేళ్ళు చెప్పుకోనిచ్చాను. వాడికి చెప్పాలంటే ముందు ఎక్కడో ఒకచోట నోరు పెగలాలి కదా. అందుకని మీ దగ్గర చెప్పాను.