మీవాళ్లు

మూడ్రోజులుగా వంటింటి సింకులో నీళ్లు దిగడం లేదు. ఇంటి ఓనరుకి చెప్తే "మీవాళ్లనెవర్నైనా పిలిపించండి మాస్టారూ" అన్నాడు. నిజమే, డబ్బులిస్తే వచ్చేది మా చిన్నాన్న కొడుకే.

బకెట్ పెట్టి, సింకు కింది వంపు గొట్టం మర తిప్పి ఊడదీశాను. గడ్డకట్టిన నూనె, మెతుకులు, టీపొడి. ముప్ఫయ్యేళ్లు ఊరి కాలవలు తీసిన మా అమ్మ గుమ్మంలో నిలబడి "ఇందుకేనేంట్రా నిన్ను చదివించింది?" అంది.

ఏం చెప్పను? ఇది మా ఎంగిలే. ఆమె తీసింది ఊరందరి మురికి. ఈ తేడా నాకు డిగ్రీ చదివాక తెలిసింది. ఆమె ముక్కుకి మాత్రం రెండూ ఒకటే వాసన. పాకీపనిని 1993లో, మళ్లీ 2013లో చట్టాలు నిషేధించాయి. "మీవాళ్లు" అన్న మాటని ఏ చట్టం ఆపుతుంది?

గొట్టం బిగించాను. నీళ్లు గుటగుటా దిగాయి. ఓనరు తొంగిచూసి "మాదీ కాస్త చూడరాదూ" అన్నాడు.

"బకెట్ తెచ్చుకోండి, ఎలా తియ్యాలో చెప్తాను" అన్నాను.

ఆయనింకా బకెట్ తేలేదు.