తెలిసి చేసిన తప్పేనా?



మన మాక్లూర్, ఆర్మూర్ ప్రాంతంలో మార్చి నెల అంటే ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. నెలల తరబడి భూమిలో పెరిగిన పసుపును తవ్వి, ఉడకబెట్టి, కల్లంలో ఆరబోసి, ఆకాశం వైపు చూస్తూ కూర్చునే నెల అది. అలాంటి ఒక మార్చిలో మన విచారణలోని ఒక తండ్రి తన పదిహేనేళ్ళ కొడుకును కల్లం దగ్గర కాపలా ఉంచి, పనిమీద నిజామాబాద్ వెళ్ళాడు. "మబ్బు పట్టితే టార్పాలిన్ కప్పు" అన్నది ఒక్కటే అప్పగింత. స్నేహితులు బండి మీద వచ్చి క్రికెట్‌కు పిలిచారు. వాడు వెళ్ళాడు. వాన వచ్చింది. తడిసిన పసుపు రంగు చెడింది, ధర పడిపోయింది.

తండ్రి వాడిని నా దగ్గరకు తీసుకొచ్చాడు. "ఎందుకు వెళ్ళావురా?" అని అడిగాను. "వెళ్ళకూడదని తెలుసు ఫాదర్. అయినా వెళ్ళిపోయాను" అన్నాడు. అది పొగరు మాటగా నాకు తోచింది. ఆ ఆదివారం ప్రసంగంలో పేరు చెప్పకుండానే వాడిని కడిగేశాను. ఎవరి గురించో ఊరందరికీ తెలుసు. తర్వాత ఐదు ఆదివారాలు వాడు దివ్యపూజకు రాలేదు.

మంచిదేదో తెలిసి కూడా మనిషి దానికి విరుద్ధంగా ఎందుకు చేస్తాడు? గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో అరిస్టాటిల్ వేసిన ఈ ప్రశ్న మీద మేము గంటలకొద్దీ వాదించుకునేవాళ్ళం. యువకులు ఉద్రేకాలను అనుసరించి నడుస్తారు కనుక నీతిశాస్త్రం వినడానికి వారింకా తగినవారు కారని కూడా ఆయన అన్నాడు. ఇప్పుడు అదే ప్రశ్నను మెదడు శాస్త్రజ్ఞులు మరో వైపు నుంచి తాకుతున్నారు.

మెదడు పైపొరలోని కణాలలో సుమారు ఐదింట ఒకటి ఇతర కణాలను అదుపు చేసే కణం. 'ఆగు' అని చెప్పడానికి అవి ముఖ్యంగా వాడే రసాయనం గాబా. మెదడులో అది ఉన్నదని 1950లో కనుగొన్నారు. ఈ అదుపు వ్యవస్థ పుట్టుకతోనే సిద్ధమై రాదు. బిడ్డ పుట్టిన తర్వాత కొన్ని నెలల పాటు ఇలాంటి కణాలు నుదుటి వెనుక భాగానికి ఇంకా ప్రయాణం చేస్తూనే ఉంటాయని 2016లో వెల్లడైంది. కోతులలో చూస్తే, ఆ భాగంలో గాబాను అందుకునే ఏర్పాట్లు యవ్వనం దాకా మారుతూనే ఉంటాయి. మనుషులలో ఆ భాగం పరిపక్వం కావడానికి ఇరవై ఏళ్ళు దాటుతాయి.

మన ఊళ్ళలో ఇళ్ళ కప్పులెక్కే కోతుల దగ్గరి బంధువుల మీదే 2016లో ఒక పరిశోధన జరిగింది. తెర మీద వెలుగు కనిపించగానే దానివైపు చూడకుండా, ఎదుటి వైపు చూడాలి. అదీ పరీక్ష. యుక్తవయసులో తడబడిన కోతులే పెద్దయ్యాక చాలా బాగా చేశాయి. విశేషమేమిటంటే, వెలుగు లాగే లాగుడు వాటి మెదడులో ఏమీ తగ్గలేదు. చేరవలసిన గమ్యానికి సంబంధించిన స్పందన మాత్రం బలపడింది. ఈ సంగతి చదివిన రోజు నేను చాలాసేపు ఆలోచించాను. ప్రలోభం పెద్దలకూ ఉంటుంది. ఎటు చూడాలో పెద్దల మనసులో గట్టిగా నిలిచి ఉంటుంది, అంతే.

అలాగైతే పిల్లల తప్పు తప్పే కాదా? అలా అనడం వారిని తక్కువ చేయడమే. వాడికి తెలుసు, వాడే వెళ్ళాడు, నష్టం నిజంగా జరిగింది. అయితే 'తప్పు ఉన్నది' అనడం వేరు, 'పెద్దవాడి తప్పంత ఉన్నది' అనడం వేరు. శ్రీసభ చట్టం ఏడేళ్ళు నిండితే వివేకం వచ్చినట్లు భావిస్తుంది. అయినా పదహారేళ్ళు నిండనివారికి శ్రీసభ శిక్షలు వర్తింపజేయదు, పద్దెనిమిది లోపువారికి తగ్గిస్తుంది. దేశ చట్టం కూడా ఏడేళ్ళ లోపు బిడ్డ చేసినదాన్ని నేరంగా చూడదు. ఈ మెట్లు కట్టినవారు మెదడును కోసి చూడలేదు, పిల్లలను పెంచి చూశారు.

మరొక సంగతి. 2005లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధనలో కారు నడిపే ఆట ఆడించారు. స్నేహితులు పక్కన ఉన్నప్పుడు కుర్రవాళ్ళు మరింత ప్రమాదానికి తెగించారు, పెద్దలలో ఆ తేడా కనిపించలేదు. కాబట్టి సంవత్సరం కష్టాన్నంతా ఒక్క పదిహేనేళ్ళవాడి నిగ్రహం మీద ఆనించి వెళ్ళినప్పుడు, ఆ నష్టంలో పెద్దలకూ వాటా ఉంటుంది.

ఇక నా సంగతి. వాడికి పదిహేనేళ్ళు, నాకు యాభై దాటాయి. వాడి నిగ్రహం ఇంకా ఎదుగుతున్నది, నాది ఎప్పుడో ఎదిగి ఉండాలి. ప్రసంగ వేదిక మీద కోపాన్ని ఆపుకోలేకపోయినది నేను. వాడి తప్పుకు వయసు కొంత సాక్ష్యం చెబుతుంది, నా తప్పుకు ఏ సాక్షీ లేడు.

ఆరవ వారం వాళ్ళింటికి వెళ్ళాను. తండ్రి ఎదుటే, "అందరి ముందు నిన్ను అవమానించాను, తప్పు నాది. క్షమించు" అన్నాను. వాడు తల దించుకున్నాడు. కాసేపటికి, "చాయ్ తాగి పోండి ఫాదర్" అన్నాడు. తాగాను. లేచేముందు వాడితో, "నాన్నకు నీవల్ల జరిగిన నష్టం కూడా మరచిపోకు" అన్నాను. ఆ సెలవుల్లో వాడు తండ్రి వెంట కూలి పనికి వెళ్ళాడని తర్వాత తెలిసింది.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ తప్పు చేసినప్పుడు తప్పును తప్పని చెప్పండి, నష్టాన్ని పూడ్చే దారి చూపండి. 'వెళ్ళవద్దు' అని మాత్రమే చెప్పి ఊరుకోక, కల్లం ఎందుకు కాయాలో, ఆ పసుపు డబ్బు మీద ఇంట్లో ఎవరెవరి అవసరాలు ఆధారపడి ఉన్నాయో వాడిని కూర్చోబెట్టి చెప్పండి. చేతకాని బరువు ఒంటరిగా మోపకండి. మాట అనేముందు, ఆ క్షణంలో మీ నిగ్రహం ఎంత ఉన్నదో కూడా ఒకసారి చూసుకోండి.