ఆ పుస్తకం ఎవరి చేతిలో ఉండాలి?

సంరక్షణ ఎక్కడ ఆగుతుంది, నిఘా ఎక్కడ మొదలవుతుంది? మన చర్చల్లో ఎన్నోసార్లు వచ్చిన ప్రశ్నే. పదిహేనేళ్ల మా అక్క కూతురికి మూర్ఛ ఉందని తేలాక నాకది సిద్ధాంతంగా మిగల్లేదు. రోజూ రాత్రి తొమ్మిదికి మాత్రతో పాటు ఎదురవుతోంది.

కౌమారంలో మొదలయ్యే ఒక రకం మూర్ఛలో, పొద్దున నిద్ర లేవగానే చేతులు ఒక్కసారిగా అదురుతాయి. చేతిలో గ్లాసు జారిపోతుంది. అబ్బాయి చేతిలోంచి జారితే నిద్రమత్తు అంటారు. ఆడపిల్ల చేతిలోంచి జారితే పొగరు, అజాగ్రత్త. మా అమ్మాయి విషయంలోనూ పెద్ద ఫిట్ వచ్చేదాకా జబ్బుకి 'అజాగ్రత్త' అనే పేరే ఉండింది.

డాక్టరు ఒక పుస్తకం పెట్టమన్నారు. ఎన్ని గంటలు నిద్రపోయింది, మాత్ర ఎప్పుడు వేసుకుంది, నెలసరి ఎప్పుడు, జ్వరమొచ్చిందా, తిండి మానిందా అన్నీ రాయాలి. వీటిలో ఏది ఫిట్‌కి ముందు వస్తోందో చూడటానికి. వీటిని ట్రిగ్గర్లంటారు. జబ్బుకి ఇవి కారణాలు కావు. ఉన్న జబ్బుని ఆ పూట రెచ్చగొట్టేవి మాత్రమే. మాత్ర తప్పిపోవడం, నిద్ర చాలకపోవడం వీటిలో ముఖ్యమైనవి.

అయితే ఆ జాబితా ఇంట్లోకొచ్చాక రూపం మారింది. పెందలాడే పడుకో, ఫోను పట్టుకోకు, స్నేహితుల ఇళ్లకి వెళ్లకు, గట్టిగా నవ్వకు. వైద్యం ఎక్కడ ఆగిందో, 'మంచి ఆడపిల్ల' పాఠం ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఓ రోజు పిల్లే అడిగింది: "చిన్నమ్మా, ఇది నా బీమారి పుస్తకమా, నా నడత మీద రిపోర్టా?"

ఆ రెండింటినీ విడదీసే కొలత ఒకటుందని నా నమ్మకం. వైద్యం పెట్టిన నియమం ఆధారం చూపించాలి. చూపించలేకపోతే తప్పుకోవాలి. మెరిసే వెలుగులకు ఫిట్స్ రావడం మూర్ఛ ఉన్నవాళ్లలో నూటికి ముగ్గురిలో కనిపిస్తుంది. ఈ రకంలో ఇంకొంత ఎక్కువ. ఇ.ఇ.జి. పరీక్షలో వెలుగులు మెరిపించి చూస్తే మా అమ్మాయికి ఆ లక్షణం లేదు. కాబట్టి టీవీ మీద నిషేధం కొట్టేశాం. అర్ధరాత్రి ఫోను మాత్రం నిద్ర తింటుంది, ఆ నియమం ఉంది. దక్షిణ భారతంలో, ముఖ్యంగా కర్ణాటకలో, తలమీద బాగా వేడినీళ్లు పోసుకుంటే ఫిట్స్ వచ్చేవాళ్లున్నారు. వాళ్లకి కూడా ముందు చెప్పేది నీళ్ల వేడి తగ్గించమనే గానీ తలస్నానం మానమని కాదు. పితృస్వామ్యపు నియమాలకి ఇలాంటి పరీక్ష ఎప్పుడైనా ఎదురైందా?

రెండు నెలలయ్యాక పుస్తకం ఇంకో సంగతి చెప్పింది. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలయ్యాక శంషాబాద్‌కి రాత్రి అనేది లేకుండా పోయింది. అక్క అక్కడికి దగ్గర్లోని ఒక హోటల్లో రాత్రి డ్యూటీ చేస్తుంది. తల్లి డ్యూటీకి వెళ్లిన రోజుల్లో పిల్ల నిద్ర ఆరు గంటలు దాటలేదు. తెల్లారకముందే లేచి నీళ్లు పట్టాలి, తమ్ముడికి టిఫిను కట్టాలి. ట్రిగ్గరు పిల్ల మెదడులో వెతుకుతున్నాం, అది ఇంటి పని పంపకంలో ఉంది. చుట్టాలందరూ "తల్లి ఉద్యోగం మానాలి" అన్నారు. బావ పొద్దున్నే లేవొచ్చన్న మాట ఒక్కరికీ తట్టలేదు. ఇప్పుడాయన లేస్తున్నాడు.

మందు సంగతి ఇంకా చిక్కు. ఈ రకం మూర్ఛకి వాల్‌ప్రోయేట్ బలమైన మందు. కానీ గర్భిణి వాడితే నూటికి పదిమంది దాకా పిల్లలు పుట్టుకలోపాలతో పుట్టొచ్చు, ముప్ఫై నలభై మందికి ఎదుగుదల సమస్యలు రావచ్చు. 2018లో బ్రిటన్ ఆడపిల్లలకి ఆ మందివ్వడం మీద గట్టి ఆంక్షలు పెట్టింది. అందుకే మా అమ్మాయికి లెవెటిరాసెటమ్ రాశారు. దాంతో కొందరికి చిరాకు, కోపం పెరుగుతాయి. నిర్ణయం సరైనదే కావచ్చు. కానీ పదిహేనేళ్ల పిల్ల మందు ఎప్పుడో రాబోయే గర్భాన్ని బట్టి ఖాయమైంది. గదిలో కూర్చునున్న ఆమెని ఎవరూ అడగలేదు. "గోలీ నాకు, మాటలన్నీ మీకేనా?" అంది బయటికొచ్చాక.

ఆ కోపాన్ని ఇంట్లోవాళ్లు మందు ఖాతాలో రాశారు. ఎంత సౌకర్యం! ఆడవాళ్ల కోపానికి నెలసరి, హిస్టీరియా, పూనకం అని ఇదివరకే బోలెడు పేర్లున్నాయి, ఇది ఇంకొకటి. మందువల్ల మనసు మారితే డాక్టరుకి చెప్పి తీరాలి. హఠాత్తుగా మందు మానెయ్యడం ప్రమాదం. కానీ మందువల్ల పెరిగిన కోపం కూడా న్యాయమైనది కావచ్చు. అందుకే పుస్తకంలో 'కోపం' పక్కన 'ఎందుకు' అనే గడి పెట్టమన్నాను.

ఇక పెళ్లి. 1955 హిందూ వివాహ చట్టం, 1976 సవరణ తర్వాత, మళ్లీమళ్లీ మూర్ఛ వచ్చేవాళ్లని మతిస్థిమితం లేనివాళ్ల పక్కన చేర్చి, పెళ్లికి అనర్హులంది. 1999 సవరణలో మూర్ఛ అన్న మాట తీసేశారు. చట్టంలోంచి పోయిన మాట సంబంధాలు చూసేవాళ్ల నోట్లోంచి పోలేదు. అందుకే అక్క మాత్రలని పేరు చించేసి పోపుల డబ్బా వెనక దాస్తుంది. అది పిరికితనమని నేననలేను. లోకం ఆమెకి నేర్పిన లెక్క అది. అయితే దాచిన మందు మర్చిపోవడం తేలిక, ఫిట్ వచ్చినప్పుడు పక్కకి తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ పెట్టకూడదని బడిలో ఎవరికీ తెలియకుండా పోతుంది. రహస్యం ఖర్చు చివరికి పిల్లే కట్టాలి. ఎవరికి చెప్పాలో ఎంచుకునే హక్కు కూడా, అందుకే, ఆమెకే ఉండాలి.

ఇప్పుడా పుస్తకం ఆమె దగ్గరే ఉంటుంది. ఆమె చూపిస్తేనే చూస్తాం. మాత్ర తప్పిన రోజు తప్పిందనే రాస్తుంది, తిట్టమని తెలుసు గనక. నిఘా కింద రాసిన పుస్తకంలో అబద్ధాలుంటాయి, వాటితో వైద్యం చెయ్యలేం. పిల్లకి స్వేచ్ఛ ఇవ్వాలా, జాగ్రత్త తీసుకోవాలా అని మనం వాటిని రెండు వైపులా నిలబెడతాం గానీ, ఈ జబ్బులో మొదటిది లేకుండా రెండోది కుదరదు.